అధ్యక్షుడు కోసిన చెవులు

ఉన్నుర్ పొద్దుటి నుంచీ బాతు నూగు శుభ్రం చేస్తోంది. చట్రానికి వరసగా బిగించిన దారాల మీద నూగు ముద్ద పెట్టి చిన్న కర్రతో ముందుకీ వెనక్కీ రుద్దితే, అందులో చిక్కుకున్న ఎండు నాచూ, గుడ్డు పెంకుల ముక్కలూ, ఇసుకా కింద పరిచిన గోనె మీద రాలతాయి. తొందరపడితే నూగు తెగిపోతుంది. నలభై ఏళ్లుగా ఈ పనికి అలవాటుపడ్డ చేతులు వాటంతట అవే కదులుతున్నాయి. కళ్లు మాత్రం కిటికీలోంచి దారి మీదే ఉన్నాయి.

ఆదివారం టీవీలో ఆ దృశ్యం చూసిన దగ్గర్నుంచీ ఆమెకు తిండి సయించడం లేదు. దేశాధ్యక్షుడు కోల్బెయిన్, అంటే ఆమె మరిది, ఎన్నికలు ఇంకా మూడు వారాలున్నాయనగా ఒకరిచేత గొర్రెపిల్లను ఎదురుగా పట్టించి, "ఇది మా నాన్న గుర్తు" అని దేశానికంతా చెబుతూ దాని చెవులు కోశాడు. గొర్రె ఏ ఇంటిదో చెవి కోతను బట్టే తెలుస్తుంది. ఆ ఇంటి గుర్తుకైతే ఎడమ చెవి కొస కత్తిరించి, కుడి చెవి వెనక గంటు పెట్టాలి. అతను కుడి చెవి కొస కత్తిరించి ఎడమ చెవికి గంటు పెట్టాడు. పిల్ల తనకు ఎదురుగా ఉంటే తన ఎడమ చేతివైపున్నది దాని కుడి చెవి అవుతుందన్న సంగతి మరిచిపోయాడు. గొర్రెల మధ్య పుట్టినవాడెవడూ చేయని తప్పు. జిల్లా అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఉన్నుర్ నవ్వలేదు. చేతిలో కప్పు జారి పగిలిందని కూడా చూడ్డానికొచ్చిన కూతురు థోరా చెప్పేదాకా ఆమెకు తెలియదు.

కోల్బెయిన్ కోసిన ఆ తారుమారు గుర్తు పక్క పొలం బక్కి వాళ్లది. ఉన్నుర్ వాళ్ల పొలం హ్వామ్ గుర్తునూ బక్కి గుర్తునూ పక్కపక్కన పెడితే అద్దంలో చూసుకున్నట్టు ఉంటాయి. బక్కి గుర్తు వేయబోయి ఎవరైనా ఇదే తప్పు చేస్తే, పడేది హ్వామ్ గుర్తు. ఆదివారం నుంచీ ఉన్నుర్ ఆలోచిస్తున్నది ఈ ఒక్క ముక్క గురించే. ముప్ఫై రెండేళ్ల కిందట బక్కి గొర్రెల వెనక తిరిగే పదకొండు పిల్లల చెవులకు హ్వామ్ గుర్తు కనబడ్డందుకే ఆమె భర్త ఇంగ్వి గొర్రెల దొంగ అయ్యాడు.

మూడు గంటలు దాటాక నల్ల కారు కంచె గేటు దగ్గర ఆగింది. డ్రైవరు కారులోనే ఉండిపోయాడు. కోల్బెయిన్, అతని భార్య ఆస్దిస్ దిగి నడిచి వచ్చారు. దేశాధ్యక్షుడైనా సరే బూట్లు గుమ్మం దగ్గర విప్పాల్సిందే. కోల్బెయిన్ గోడ పట్టుకుని, ఒంటికాలి మీద ఊగుతూ బూట్లు విప్పి, బూడిద రంగు సాక్సులతో వంటగదిలోకి వచ్చాడు.

"ఏం వదినా, ఈ ఏడు నూగు బాగానే దొరికినట్టుందే?"

"బాతులకి ఓట్లతో పని లేదు కదా. వాటి పని అవి చేసుకుపోతున్నాయి."

అతను నవ్వాడు. ఎనిమిదేళ్లుగా తపాలా బిళ్లల మీదా, బడి గోడల మీదా కనబడుతున్న నవ్వే అది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడో లేదో, గాలిలో తేలుతున్న నూగు అతని నల్లకోటు మీద వాలింది. దులిపేకొద్దీ ఇంకాస్త అంటుకుంది.

పొయ్యి మీద కాఫీ కెటిల్ పొగలు కక్కుతోంది. ఈ లోయలో గుమ్మం తొక్కినవాడు జప్తు కాగితం తెచ్చినవాడైనా సరే, ముందు కప్పు పెట్టి తర్వాత మాట్లాడతారు. ఉన్నుర్ కప్పు పెట్టలేదు. కోల్బెయిన్ ఒకసారి కెటిల్ వైపూ, ఒకసారి కప్పులున్న అలమర వైపూ చూశాడు.

ఆస్దిస్ చట్రానికి అవతలి పక్క బల్ల మీద కూర్చుంది. "చెయ్యి వెయ్యనా అక్కా?" అంది.

"ఎలా చెయ్యాలో గుర్తుందా ఇంకా?"

"ఉంది."

ఆమె ఉంగరాలు తీసి జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక ముద్ద తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. బక్కి హ్రోల్ఫ్ కూతురామె. ఈ పని పుట్టుకతో వచ్చినట్టే. పెళ్లయిన దగ్గర్నుంచీ రేక్యావిక్‌లోనే ఉన్నా చేతులు మాత్రం తడబడలేదు.

"టీవీలో చూశావా?" అన్నాడు కోల్బెయిన్.

"చూశాను."

"పేపర్ల వాళ్లు ఆడుకుంటున్నారు వదినా. ఒకడు నా బొమ్మ గీసి నా చెవులే అటుదిటూ ఇటుదటూ అతికించాడు. నా మీద పోటీకి నిలబడ్డ ఆ ఓడ కెప్టెన్ అయితే ప్రతి సభలోనూ ఇదే పాట. కుడీ ఎడమా తెలియనివాడి చేతికి చుక్కాని ఇద్దామా అని అడుగుతాడు. జనం వద్దు వద్దని అరుస్తారు."

"బాగానే అడిగాడు."

"నవ్వులాట కాదు. మొదటిసారి నాకెదురుగా ఎవడూ నిలబడలేదు. రెండోసారీ అంతే. ఈసారి మూడోసారి, వాడు నిజంగానే గెలిచేలా ఉన్నాడు." అతను గొంతు తగ్గించాడు. "నువ్వు ఒక్క మాట అంటే అంతా సర్దుకుపోతుంది."

ఉన్నుర్ కర్ర ఆపలేదు. "ఏమిటా మాట?"

అతను లోపలి జేబులోంచి మడత పెట్టిన రెండు కాగితాలు తీశాడు. బల్ల మీద నూగును ఊది, చోటు చేసుకుని వాటిని పరిచాడు.

"జిల్లాలో ఎవరి గొర్రెల చెవి గుర్తు ఏదో రాసి ఉండే పుస్తకం మళ్లీ అచ్చవుతోంది. ఇవాళ ఆఖరి రోజు. ఆ పుస్తకం చూసే గిస్లి సాయంత్రం దాకా మహిళా సంఘం హాల్లో కూర్చుని గుర్తులు రాసుకుంటాడు. నాలుగింటికి నేనూ అక్కడికే వెళ్లాలి. విలేకరులుంటారు. మా నాన్న గుర్తు ఆ కేసప్పుడు తీసేశారు, ముప్ఫై రెండేళ్లుగా పుస్తకంలో లేదు కదా. దాన్ని నా పేరున మళ్లీ ఎక్కిద్దాం. నేను కోసినట్టే ఎక్కిద్దాం. కుడి కొస కత్తిరింపు, ఎడమ గంటు. అది బక్కి వాళ్లదొక్కటే అని జనం పొరబడ్డారు, మా ఇంటి గుర్తు కూడా అదేనని నువ్వు అక్కడ అంటే చాలు. బక్కి ఖాళీ అయి ఇరవై ఏళ్లయింది. అడిగేవాడెవడు?"

"పాత పుస్తకాలు ఉంటాయిగా?"

"మూడు వారాల్లో ఎవడు తిరగేస్తాడు? ఆ ఇంటి కోడలివి, నువ్వంటే ఇంక ఎవడూ తిరగెయ్యడు."

"రెండో కాగితం?"

కోల్బెయిన్ నిటారుగా కూర్చున్నాడు. ఇక్కడిదాకా మరిది మాట్లాడాడు. ఇప్పుడు అధ్యక్షుడి గొంతు వచ్చింది.

"ఇంగ్వి పేరున క్షమాభిక్ష. మంత్రి పంపితే నేను సంతకం పెడతాను. మంత్రి పంపుతాడు, నేను మాట్లాడాను. నువ్వు అర్జీ పెట్టుకోవాలి అంతే. చనిపోయిన మనిషి పేరు మీద మచ్చ తుడిచిపెట్టుకుపోతుంది. థోరా ఇక ఎక్కడైనా తలెత్తుకు తిరగొచ్చు."

ఉన్నుర్ మొదటిసారి కర్ర పక్కన పెట్టింది.

ఈ మాటే పదేళ్ల కిందట విని ఉంటే ఆమె ఏడ్చి ఉండేది. అతని చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పి ఉండేది. ఎందుకంటే ఇంగ్వి దొంగ అని ఆమె కూడా నమ్మింది. జిల్లా అంతా నమ్మినందుకు కాదు. ఇంగ్వి ఒప్పుకున్నాడు కాబట్టి నమ్మింది. జైల్లో ఎనిమిది నెలలుండి వచ్చాక ఒకసారి, పశువుల కొట్టంలో గడ్డి వేస్తూ, "ఆ పిల్లల చెవులు నేను కోయలేదు ఉన్నుర్," అన్నాడతను. "మరెందుకు ఒప్పుకున్నావ్?" అందామె, కాస్త విసుగ్గానే. ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికాడు. మళ్లీ ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. సెప్టెంబరులో కొండల మీద నుంచి గొర్రెలను దింపి, గుండ్రటి దొడ్డిలో ఎవరివి వారు చెవులు చూసి విడదీసుకునే రోజున, లోయ మొత్తం పాటలు పాడుతుంటే, అతను కొట్టంలో తలుపేసుకుని వలలు అల్లుకునేవాడు. దగ్గు ఎక్కువై పోయే ముందు కూడా ఆ తలుపు వైపే చూశాడు.

"క్షమించడానికి ఆయన చేసిందేమిటి?" అంది ఉన్నుర్.

"వదినా, చట్టం ప్రకారం..."

"చట్టం సంగతి తర్వాత. ఆయన చేసిందేమిటో చెప్పు."

"ఒప్పుకున్నాడు కదా."

"నువ్వు ఒప్పుకోమన్నావు."

కోల్బెయిన్ చేతులు చాపాడు. "అప్పుడు నేను కొత్తగా లా పాసైనవాణ్ని. ఎదురు తిరిగితే మూడేళ్లు వేస్తారు, ఒప్పుకుంటే తక్కువలో పోతుందని చెప్పాను. ఏ లాయరైనా అదే చెబుతాడు. తక్కువలోనే పోయింది కూడా."

"తర్వాత కోర్టులో లేచి నిలబడి, అన్న అయినా సరే చట్టం ముందు అన్న కాడు అన్నావు. ఆ మాట పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. ఆ ఏడే నిన్ను జిల్లా అధికారి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత పార్లమెంటు. తర్వాత న్యాయశాఖ. తర్వాత అధ్యక్షుడుండే ఆ తెల్ల ఇల్లు. థోరా చదివిన బడి పుస్తకంలో కూడా ఆ మాట ఉంది, తెలుసా? టీచరు థోరానే లేపి మరీ చదివించింది. ఎవరి గురించో పిల్లలందరికీ తెలుసు. అది తల దించుకుని చదివింది."

"నాకేం సంతోషమనుకున్నావా ఆ రోజు?"

"సంతోషం సంగతి నాకు తెలీదు. కలిసొచ్చింది."

ఆస్దిస్ చేతులు ఆగలేదు. తల ఎత్తలేదు. ఆమె ముందున్న నూగు ముద్ద అప్పటికే శుభ్రమైపోయింది. అయినా రుద్దుతూనే ఉంది.

కోల్బెయిన్ కాగితాల మీద పెన్ను పెట్టి, "నాలుగవుతోంది వదినా," అన్నాడు.

"ఆ వసంతంలో బక్కి పిల్లలకి గుర్తు వేసిందెవరు?"

"ఏమిటి?"

"హ్రోల్ఫ్ గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. మా ఆయన నిన్ను సాయం పంపించాడు. నువ్వే వేశావు."

"వేశాను. అందరికీ తెలుసు. ఆలస్యంగా పుట్టిన పదకొండు పిల్లలు కొండ వాలు మీద దొరకలేదు. వాటికి గుర్తు వేయలేదు. తర్వాత ఇంగ్వి వాటిని..." అతను ఆగాడు. "కోర్టులో చెప్పాను ఇదంతా."

"గుర్తు లేని పిల్లలు పదకొండు. ఎవరూ చూడనివి. నువ్వొక్కడివే చెప్పావు."

"నా మాట సరిపోలేదంటావా? దేశాధ్యక్షుణ్ని పట్టుకుని..."

"నా వంటింట్లో సాక్సులతో కూర్చున్నావు కోల్బెయిన్. అధ్యక్షుడు గేటు దగ్గర కారులో ఉన్నాడనుకుందాం."

అతని చెంపలు ఎర్రబడ్డాయి. "నీకు పిచ్చి పట్టింది. ముసలితనం వచ్చి, ఒంటరిగా ఈ గాలిలో కూర్చుని, టీవీలో ఏదో చూసి అల్లుకున్నావు. ఆ ఓడ కెప్టెన్ మనుషులెవరైనా వచ్చారా? ఏం ఆశపెట్టారు? చెప్పు!"

"ఇవాళ గురువారం, దేశంలో టీవీ ప్రసారం కూడా ఉండని రోజు. ఎవరొస్తారు నా దగ్గరికి?" అంటూ ఉన్నుర్ లేచింది. బల్ల మీద, కొత్తగా నూగు నింపి కుట్టిన చిన్న దిండు ఉంది. దాన్ని తీసుకుని ఆస్దిస్ ఒళ్లో నిలబెట్టింది. "పట్టుకో ఆస్దిస్. వీపు నీ గుండెకి ఆనించి. పిల్లని పట్టుకున్నట్టు."

ఆస్దిస్ చేతుల్లోంచి నూగు జారింది. ఆమె ఒక్కక్షణం దిండు వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ దాని చుట్టూ వేసింది. ముందు కాళ్లూ వెనక కాళ్లూ కలిపి పట్టుకునే పట్టు అది. దిండుకు కాళ్లు లేవు. అయినా పిడికిళ్లు సరిగ్గా ఉండాల్సిన చోటే బిగిశాయి.

"ఈ పైకొసలు రెండూ చెవులు," అంది ఉన్నుర్. "ఇది బక్కి పిల్ల. కుడి చెవి కొస కత్తిరించాలి. కొయ్యి."

"ఇదేం చిన్నపిల్లల ఆట?"

"కోసి వెళ్లిపో. సంతకం పెడతాను."

కోల్బెయిన్ ఆమెను తేరిపార చూశాడు. కాగితాల వైపు చూశాడు. ఆదివారం నుంచీ ఈ కుడీ ఎడమా అతను మనసులో వందసార్లు దిద్దుకుని ఉంటాడు. కాని కోపం ఎక్కినవాడి చెయ్యి మనసు మాట వినదు. ఒక్క అడుగులో ముందుకు వచ్చి, దిండు మీదకి వంగి, తన కుడి చేతివైపున్న కొస పట్టుకోబోయాడు.

ఆస్దిస్ అతని మణికట్టు పట్టుకుంది.

ఆమె ఆలోచించి చేసిన పని కాదది. పిల్ల తన్నుకుంటుంటే, ఒక చేత్తో దాన్ని అదుముకుని, రెండో చేత్తో కత్తి పట్టుకున్నవాణ్ని ఆపే అమ్మాయి ఎలా పట్టుకుంటుందో అలా పట్టుకుంది. తర్వాత ఆ చేతిని అవతలి కొస వైపుకు తిప్పింది. తిప్పాక, తను ఏం చేసిందో చూసుకుంది.

ఉన్నుర్ కింద పడ్డ నూగు ఏరి చట్రం మీద పెట్టింది.

"మొదటి పదకొండూ అయ్యాక," అంది ఉన్నుర్ మెల్లగా. "ఆదివారం నుంచీ నేను తేల్చుకోలేకపోయింది ఇదే. తప్పు నీకు నీ అంతట తెలియదు కోల్బెయిన్. టీవీలో రెండు చెవులూ కోసి, పిల్లని వదిలేసి, నవ్వుకుంటూ నిలబడ్డావు. మరి ఆ రోజు పన్నెండోదాని దగ్గర ఎలా తెలిసింది, మిగతావన్నీ సరిగ్గా ఎలా పడ్డాయి అనుకున్నాను. పక్కనున్న మనిషి ఆపింది."

"ఆస్దిస్, వదులు," అన్నాడు కోల్బెయిన్. ఆమె ఎప్పుడో వదిలేసింది. అతనే చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అలాంటివి జరుగుతాయి," అంది ఉన్నుర్. "ప్రతి ఏడూ ఎవడో ఒకడు చేస్తాడు. వెళ్లి పొరుగువాడికి చెబుతాడు, అయ్యా నీ గుర్తు నా పిల్లలకి పడింది అని. పొరుగువాడు నవ్వి, కాఫీ పోసి పంపిస్తాడు. ఏడాదంతా ఎగతాళి చేస్తారు. అంతే! అంతకు మించి ఏమీ లేదు! ఒక్క ఏడాది నవ్వు పడలేక మా ఆయన్ని దొంగని చేశావు."

"నేను ఇంగ్వికి చెబుదామనే అనుకున్నాను." ఆ మాట నోట్లోంచి వచ్చాకగాని అది ఒప్పుకోవడం అవుతుందని అతనికి తట్టినట్టు లేదు. వెంటనే వేగం పెంచాడు. "చెబుదామనుకునేలోగా సెప్టెంబరు వచ్చేసింది. హ్రోల్ఫ్ దొడ్డిలో అందరి ముందూ కేకలేశాడు. అధికారి వచ్చేశాడు. అప్పుడు నేను లేచి, నాకు చెవి కొయ్యడం రాదని చెబితే, నాకు ఉద్యోగమెవడిచ్చేవాడు? ఎనిమిది నెలలు వదినా! ఎనిమిది నెలలే! బదులుగా ఈ జిల్లాకి రోడ్డు తెచ్చాను, కరెంటు తెచ్చాను, వంతెన కట్టించాను. ఆ కిటికీలోంచి చూడు, ఆ వంతెన ఎవరిది?"

"ఆ వంతెన మీదుగానే శవపేటిక తీసుకెళ్లాం."

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో మర్యాద మిగల్లేదు.

"సరే. హాలుకి వెళ్లి చెప్పుకో. దిండు పట్టుకుని చూపించు అందరికీ. దొంగ పెళ్లాం మాట ఒకవైపు, నా మాట ఒకవైపు. గిస్లి ఎవరిది రాసుకుంటాడో చూద్దాం. సాక్ష్యమేది? ఆ రోజు ఆ దొడ్డిలో ఉన్నది ఇద్దరం. నేనొకణ్ని, నా భార్య ఒకతె. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురం మాది. అడుగు ఆమెని. అడుగు!"

ఉన్నుర్ అడగలేదు. ఆస్దిస్ వైపు చూసింది, అంతే. ఆ పెళ్లికి ఉన్నుర్ వెళ్లలేదు. ఇంగ్వి అప్పుడు జైల్లో ఉన్నాడు. ఇరవై ఏళ్ల పిల్ల, తెల్ల గౌనులో, ఫోటోలో కూడా నవ్వకుండా నిలబడిందని తర్వాతెవరో చెబితే, తండ్రి గొర్రెపిల్లలు పోయిన బాధ అనుకుంది.

"చెప్పు ఆస్దిస్," అన్నాడు కోల్బెయిన్, ఆమె వైపు తిరగకుండానే. "ఆ పదకొండు పిల్లలూ దొరకలేదని చెప్పు. అక్కకి చెప్పు, మనం వెళ్దాం. ఫోటోవాళ్లు ఎదురుచూస్తుంటారు."

ఆస్దిస్ ఒళ్లోని దిండును బల్ల మీద పెట్టింది. మోచేతుల పైకి మడిచిన చొక్కా చేతులు కిందకి దించుకుని గుండీలు పెట్టుకుంది. జేబులోంచి ఉంగరాలు తీసింది. ఒకటి వేలికి పెట్టుకుంది, వాళ్లమ్మ ఇచ్చిన ఎర్రరాయిది. రెండోదాన్ని, పెళ్లి ఉంగరాన్ని, అరచేతిలో కాసేపు ఉంచుకుని, కోల్బెయిన్ ముందు, పెన్ను పక్కన పెట్టింది. లేచి వసారాలోకి నడిచింది.

బూట్ల లేసులు బిగించుకుంటున్న చప్పుడు వంటగదిలోకి వినిపించింది. తొందర లేదు. ఒక బూటు, తర్వాత రెండోది. తలుపు తెరుచుకుంది, గాలి లోపలికి వచ్చి నూగును లేపింది, తలుపు మూసుకుంది.

"తలనొప్పి ఆమెకి," అన్నాడు కోల్బెయిన్. "కారులో కూర్చుంటుంది."

ఇద్దరూ కిటికీ దగ్గరికి వచ్చారు. ఆస్దిస్ గేటు తీసుకుని బయటికి వెళ్లింది. డ్రైవరు గబగబా దిగి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె అతనికి తల ఊపి, కారును దాటి, వంతెన వైపు, మహిళా సంఘం హాలు ఉన్న వైపు నడిచింది.

"ఆస్దిస్!" కోల్బెయిన్ పిడికిలితో అద్దాన్ని కొట్టాడు. "ఆస్దిస్!"

ఆమె వెనక్కి చూడలేదు. నడక వేగం పెంచింది.